రహస్య రేడియో నడిపిన లా విద్యార్థిని ఉషా మెహతా

మేము హాస్టల్లో ఉన్న రోజుల్లో పదో తరగతి చదివే ఒక అన్న అట్టముక్క మీద ఒక ట్రాన్సిస్టరు, నాలుగైదు చుట్లు చుట్టిన రాగితీగ, పాత టేప్‌రికార్డరులోంచి తీసిన మైకు, తొమ్మిది వోల్టుల బ్యాటరీ కలిపి చిన్న ట్రాన్స్‌మిటర్ చేశాడు. ఆయన గదిలో మాట్లాడితే మెస్సులో పెట్టిన ఎఫ్ఎం రేడియోలో గరగరమంటూ వినిపించింది. ఆ రోజు అన్నం తినడం కూడా మరిచిపోయాం. వార్షికోత్సవం నాడు నీళ్ల ట్యాంకు మీద తీగ కట్టి, మా పాటలు, మా నాటిక ఊరంతటికీ వినిపించాలని ఆలోచన చేశాం.

సంగతి తెలిసి వార్డెన్ సారు వచ్చారు. ఎవరినీ కొట్టలేదు, తిట్టలేదు. బ్యాటరీ తీసి జేబులో వేసుకుని, లైసెన్సు లేకుండా గాలిలోకి మాట పంపడం నేరమని, కేసయితే ఆ అన్న చదువు ఆగిపోతుందని చెప్పి వెళ్లిపోయారు. మాకు చాలా కోపం వచ్చింది. పేదపిల్లలు ఏదైనా కనిపెడితే ఓర్వలేరని నెల రోజులు చాటుగా గొణుక్కున్నాం.

చాలా ఏళ్ల తర్వాత పాత విద్యార్థులం కలిసినప్పుడు ఆ ముచ్చట మళ్లీ వచ్చింది. మాలో లా చదివినవాళ్లు, పాలిటెక్నిక్ చదివినవాళ్లు, బడిలో పాఠాలు చెప్పేవాళ్లు ఉన్నారు. మాట మీద మాట వచ్చి ఉషా మెహతా దగ్గర ఆగింది. లైసెన్సు లేకుండా రేడియో నడిపి నాలుగేళ్ల శిక్ష పడిన ఆమెను దేశం గౌరవిస్తుంది. మరి మా అన్నను ఎందుకు ఆపారు? ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ ఆమె జీవితాన్ని చదివాం. చదివినది మా హాస్టల్ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చెప్పాలనే ఈ వ్యాసం రాస్తున్నాం.

బాల్యం

ఉషా మెహతా 1920 మార్చి 25న గుజరాత్‌లోని సూరత్ దగ్గర సరస్ అనే పల్లెలో పుట్టింది. తండ్రి బ్రిటిష్ ప్రభుత్వంలో న్యాయమూర్తి. ఇంట్లో తినడానికి, కట్టుకోవడానికి లోటు లేదు. అయితే చిన్ననాడే గాంధీజీని చూసింది, ఆయన మాటలు విన్నది. 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు దేశమంతా నిరసనలు జరిగాయి. ఎనిమిదేళ్ల ఉష కూడా పిల్లల ఊరేగింపులో నడిచి, సైమన్ తిరిగిపోవాలని కేకలు వేసింది.

తండ్రి సర్కారు కొలువులో ఉండగా కూతురు సర్కారుకు ఎదురు నడవడం ఆ ఇంట్లో ఎంత ఇబ్బందో ఊహించుకోవచ్చు. 1930లో ఆయన ఉద్యోగ విరమణ చేశాక ఆమెకు ఆ అడ్డు తొలగింది. 1932లో కుటుంబం బొంబాయికి చేరింది. పన్నెండేళ్ల పిల్ల రహస్య కరపత్రాలు పంచడం, జైల్లో ఉన్నవారికి కబుర్లు చేరవేయడం మొదలుపెట్టింది. ఖద్దరు కట్టింది, జీవితాంతం విడవలేదు.

చదువును మాత్రం ఎన్నడూ తేలికగా తీసుకోలేదు. మెట్రిక్‌లో మంచి ర్యాంకు తెచ్చుకుంది. విల్సన్ కాలేజీలో తత్వశాస్త్రం చదివి 1939లో ఫస్ట్ క్లాసులో పట్టా పొందింది. తర్వాత లా కోర్సులో చేరింది. ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి. రేడియో నడిపే నాటికి ఆమె చట్టం చదువుతున్న విద్యార్థిని. ఏ పనికి ఏ శిక్ష పడుతుందో తెలియని అమాయకురాలు కాదు.

1942 ఆగస్టు

1942 ఆగస్టు 8న బొంబాయి గోవాలియా ట్యాంకు మైదానంలో కాంగ్రెస్ క్విట్ ఇండియా తీర్మానం చేసింది. మర్నాడు తెల్లవారేసరికి గాంధీజీ, నెహ్రూ, పటేల్ మొదలైన నాయకులందరినీ పట్టుకుపోయారు. పత్రికల మీద ఆంక్షలు పెట్టారు. ఎక్కడ కాల్పులు జరిగాయో, ఎక్కడ సమ్మె నడుస్తోందో పక్క ఊరికి కూడా తెలియని పరిస్థితి. సర్కారు రేడియో చెప్పిందే వార్త.

అప్పుడు ఉషా, ఆమె మిత్రులు కొందరు కలిసి ఆలోచించారు. పత్రికను అచ్చాఫీసులోనే ఆపవచ్చు, కరపత్రాన్ని సంచిలో పట్టుకోవచ్చు. గాలిలో పోయే మాటను పట్టుకోవడం అంత తేలిక కాదు. విఠల్‌దాస్ ఖాకర్ (ఈయనను బాబూభాయి అనేవారు), చంద్రకాంత్ ఝవేరీ, విఠల్‌దాస్ ఝవేరీ ఆమెతో చేయి కలిపారు. కాంగ్రెస్ సభలకు మైకులు పెట్టే షికాగో రేడియో కంపెనీ కుటుంబానికి చెందిన నానక్ మోత్వానీ సామగ్రి విషయంలో సాయపడ్డాడు. ఉష లా చదువు మధ్యలో ఆపేసింది.

యంత్రం తయారు చేసింది నరిమన్ ప్రింటర్ అనే పార్శీ సాంకేతిక నిపుణుడు. యుద్ధానికి ముందు ఆయన లైసెన్సు ఉన్న హ్యామ్, అంటే అభిరుచి కోసం రేడియో నడిపే వ్యక్తి. 1939లో రెండో ప్రపంచ యుద్ధం మొదలవగానే దేశంలోని హ్యామ్‌లందరూ తమ ట్రాన్స్‌మిటర్లు పోలీసులకు అప్పగించాలని ప్రభుత్వం ఆజ్ఞ ఇచ్చింది. అలాంటి కాలంలో ఆయన విడిభాగాలు కూర్చి ఈ ట్రాన్స్‌మిటర్ కట్టాడు.

1942 ఆగస్టు 27న కాంగ్రెస్ రేడియో మొదటిసారి పలికింది. 42.34 మీటర్ల మీద, అంటే దాదాపు 7 మెగాహెర్ట్జ్ షార్ట్‌వేవ్‌లో, భారతదేశంలో ఎక్కడినుంచో మాట్లాడుతున్నామని చెబుతూ ఉషా గొంతు వినిపించింది. ముందు హిందుస్తాన్ హమారా రికార్డు, చివర వందేమాతరం. మధ్యలో వార్తలు, ప్రసంగాలు. చిట్టగాంగ్ మీద బాంబులు పడిన సంగతి, జంషెడ్‌పూర్ కార్మికుల సమ్మె, అష్టి, చిమూరు గ్రామాల్లో జరిగిన దౌర్జన్యాలు పత్రికలు రాయలేనప్పుడు ఈ రేడియో చెప్పింది. రామమనోహర్ లోహియా, అచ్యుత పట్వర్ధన్ వంటి అజ్ఞాత నాయకులు దీనికి వెన్నుదన్నుగా నిలిచారు.

పోలీసులు తరంగాల దిక్కు కనిపెట్టే పరికరాలున్న బండ్లలో తిరిగేవారు. అందుకే రేడియో వాళ్లు ఒకచోట ఎక్కువ రోజులు ఉండేవారు కాదు. అద్దె గదులు మారుస్తూ, యంత్రాన్ని మోసుకుంటూ తిరిగారు. ఇలా రెండున్నర నెలలు నడిచింది.

పట్టుబడిన రాత్రి

నవంబరు 12న ప్రింటర్ పోలీసులకు చిక్కాడు. ఆయన ద్వారానే జాడ తెలిసిందని చెబుతారు. అదే రోజు బాబూభాయి ఆఫీసు మీద దాడి జరిగింది. ఉషకు కబురు అందింది. పారిపోవడానికి వ్యవధి ఉంది. ఆమె పారిపోలేదు. ఆ రాత్రి కార్యక్రమం ఆగకూడదని గిర్గాం ప్రాంతంలోని స్టేషనుకు వెళ్లింది. చంద్రకాంత్ ఝవేరీ తోడు వెళ్లాడు. కార్యక్రమం పూర్తయి చివరి వందేమాతరం రికార్డు తిరుగుతుండగా పోలీసులు తలుపులు బద్దలుకొట్టుకుని లోపలికి వచ్చారు. అప్పటికి ఆమె వయస్సు ఇరవై రెండేళ్లు.

ఆ తర్వాత ఆరు నెలలు విచారణ పేరుతో వేధించారు. ఒంటరి గదిలో ఉంచారు. తోటివారి పేర్లు చెబితే విదేశాలకు పంపి చదివిస్తామని ఆశ చూపారు. చదువంటే ప్రాణమైన మనిషికి ఇది చిన్న ఆశ కాదు. ఆమె నోరు విప్పలేదు.

ప్రత్యేక కోర్టులో అయిదుగురి మీద కేసు నడిచింది. అక్కడ ఉషా చేసిన పని మా లా చదివిన మిత్రులను ఎక్కువగా ఆకట్టుకుంది. ప్రశ్నలకు జవాబు చెప్పి తీరాలా అని ఆమె ముందు న్యాయమూర్తిని అడిగింది. చెప్పకపోయినా ఫర్వాలేదని తెలిశాక, తనను తాను కాపాడుకోవడానికైనా సరే ఏ ప్రశ్నకూ జవాబివ్వనని తేల్చేసింది. నేను చేయలేదని అబద్ధమాడలేదు. తెలియక చేశానని బతిమాలలేదు. చట్టం తనకిచ్చిన మౌనపు హక్కును వాడుకుని మిత్రులను కాపాడింది.

1943 మేలో తీర్పు వచ్చింది. బాబూభాయికి అయిదేళ్లు, ఉషకు నాలుగేళ్లు, చంద్రకాంత్ ఝవేరీకి ఒక ఏడాది శిక్ష పడింది. విఠల్‌దాస్ ఝవేరీ, నానక్ మోత్వానీ విడుదలయ్యారు. పుణె దగ్గరి ఎరవాడ జైల్లో ఉషా ఆరోగ్యం పాడైంది. 1946లో బయటికి వచ్చింది.

జైలు తర్వాత

స్వతంత్రం వచ్చాక పదవుల వెంట పడలేదు. ఆగిన చదువును మళ్లీ పట్టుకుంది. గాంధీజీ రాజకీయ, సామాజిక ఆలోచనల మీద పరిశోధన చేసి బొంబాయి విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు తెచ్చుకుంది. తాను చదివిన విల్సన్ కాలేజీలోనే దాదాపు ముప్పయ్యేళ్లు పాఠాలు చెప్పింది. విశ్వవిద్యాలయంలో పౌర, రాజనీతి శాస్త్ర విభాగానికి అధిపతిగా పనిచేసి 1980లో విరమించింది. ముంబైలో గాంధీజీ బస చేసిన మణిభవన్ బాధ్యతలు చూసింది. 1998లో ప్రభుత్వం పద్మవిభూషణ్ ఇచ్చింది. 2000 ఆగస్టు 9న జ్వరంతోనే క్విట్ ఇండియా వార్షిక సభకు వెళ్లింది. రెండు రోజుల తర్వాత, ఆగస్టు 11న, ఎనభయ్యో ఏట కన్నుమూసింది.

మన పాలమూరుకూ ఒక రహస్య రేడియో

ఇది బొంబాయి కథ మాత్రమే అనుకోవద్దు. 1947లో దేశానికి స్వతంత్రం వచ్చినా, మన మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాలు నిజాం పాలనలోనే ఉండిపోయాయి. తుంగభద్రకు ఈవల ఆలంపూరు నిజాం రాజ్యం, ఆవల కర్నూలు భారత యూనియన్. ఆ రోజుల్లో నది దాటి కర్నూలు చేరిన పాలమూరు ఉద్యమకారులు అక్కడినుంచి భాగ్యనగర్ రేడియో పేరుతో రహస్య ప్రసారాలు చేశారు. గద్వాల ప్రాంతపు పాగ పుల్లారెడ్డి, ఆలంపూరు పండితుడు గడియారం రామకృష్ణశర్మ అందులో పనిచేసినవారు. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం యూనియన్లో కలిసింది. శర్మగారి ఆత్మకథ శతపత్రానికి ఆయన మరణానంతరం 2007లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. ఆలంపూరు పోయినవాళ్లు జోగులాంబ గుడితోపాటు ఈ సంగతి కూడా గుర్తు చేసుకోవాలి.

చట్టం ఏమంటుంది

ఇక మా ప్రశ్నకు వద్దాం. 1885 టెలిగ్రాఫ్ చట్టం తంతి, ప్రసార సాధనాల మీద సర్వహక్కులూ ప్రభుత్వానికి ఇచ్చింది. 1933 వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ఇంకో అడుగు ముందుకు వేసి, లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పరికరం దగ్గర ఉంచుకోవడమే నేరమన్నది. మన తాతలు పాటలు వినే రేడియోకు కూడా పోస్టాఫీసులో డబ్బు కట్టి లైసెన్సు పుస్తకం తెచ్చుకునేవారు. 1980ల దాకా ఆ పద్ధతి ఉండేది. వినే రేడియోకు ఆ బాధ తప్పింది కానీ, పంపే యంత్రానికి తప్పలేదు. లైసెన్సు లేని ట్రాన్స్‌మిటర్ ఉంచుకుంటే మూడేళ్ల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల జరిమానా, లేదా రెండూ అని స్వతంత్రం తర్వాత చట్టంలో చేర్చారు. ఈ రెండు పాత చట్టాల స్థానంలో తేవడానికి పార్లమెంటు 2023లో టెలికమ్యూనికేషన్ల చట్టం చేసింది. అనుమతి లేకుండా ప్రసార వ్యవస్థ నెలకొల్పితే మూడేళ్ల దాకా జైలు, లేదా 2 కోట్ల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ విధించవచ్చని అందులో ఉంది. వెయ్యి రూపాయలు ఎక్కడ, 2 కోట్లు ఎక్కడ!

మాది బొమ్మంత యంత్రం, దాంతో ఎవరికి నష్టం అని మేమూ వాదించాం. పాలిటెక్నిక్ మిత్రుడు విడమరిచి చెప్పాడు. ఎఫ్ఎం రేడియో 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ దాకా ఉంటుంది. 108 దాటగానే విమానాల వాళ్లు వాడే తరంగాలు మొదలవుతాయి. ఒక ట్రాన్సిస్టరుతో చేసిన యంత్రం ఒకచోట నిలబడదు. ఎండకు వేడెక్కితే, బ్యాటరీ తగ్గితే, చేయి దగ్గరికి పెడితే పక్కకు జరుగుతుంది. అసలు తరంగంతోపాటు దానికి రెట్టింపు, మూడింతల తరంగాలు కూడా వదులుతుంది. దానికి ఆంప్లిఫయర్ తగిలించి ట్యాంకు మీద తీగ కడితే, ఎవరి మాటకు అడ్డం పడుతున్నామో మనకే తెలియదు. పాలమూరు మీదుగా శంషాబాదుకు విమానాలు దిగే రోజుల్లో ఇది నవ్వులాట కాదు.

బీహార్‌లోని వైశాలి జిల్లాలో ఒక పేద రేడియో మెకానిక్ యాభై రూపాయలలోపు ఖర్చుతో చేసిన యంత్రంతో ఊరికి పాటలు, కబుర్లు వినిపించాడు. జనం ఎంతో ఇష్టపడ్డారు. 2006లో లైసెన్సు లేదని అధికారులు మూయించారు. అతని తెలివికి మేము దండం పెడతాం. ఆ తెలివి ముందే సరైన దారి పట్టి ఉంటే ఎంత బాగుండేదో కదా అనిపించింది.

తెరిచి ఉన్న తలుపులు

చట్టం కాదనేది ఒక్కటే కాదు, ఔనన్నది కూడా ఉంది. అది మాకు హాస్టల్లో ఎవరూ చెప్పలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాం.

మొదటిది హ్యామ్ రేడియో. పన్నెండేళ్లు నిండినవారు ఎవరైనా ప్రభుత్వ పరీక్ష రాసి లైసెన్సు పొందవచ్చు. రేడియో సిద్ధాంతం, నియమాలు చదవాలి. పెద్ద గ్రేడుకు మోర్సు కోడు కూడా రావాలి. లైసెన్సు వచ్చాక మన యంత్రం మనమే తయారు చేసుకుని, ఇచ్చిన తరంగాల మీద దేశదేశాల వారితో మాట్లాడవచ్చు. పాటలు, కార్యక్రమాలు ప్రసారం చేయడానికి మాత్రం ఇది పనికిరాదు. హైదరాబాదులో 1983 నుంచి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది. 2004 డిసెంబరు సునామీలో అండమాన్ దీవులకు ఫోన్లు తెగిపోయినప్పుడు, అప్పటికే అక్కడ ఉన్న హ్యామ్‌లు మనుషుల క్షేమ సమాచారాలు బయటికి చేరవేశారు.

రెండోది సమాజ రేడియో. 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. ఆ ధర్మాసనంలో మన తెలంగాణ బిడ్డ జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి ఉన్నారు. 2002లో విద్యాసంస్థలకు, 2006లో స్వచ్ఛంద సంస్థలకు రేడియో పెట్టుకునే అవకాశం వచ్చింది. 100 వాట్ల శక్తి, 30 మీటర్ల స్తంభం దాకా అనుమతిస్తారు. పది పదిహేను కిలోమీటర్ల దాకా వినిపిస్తుంది.

ఈ దారిలో నడిచినవారు మనకు దూరంవాళ్లు కారు. జహీరాబాదు దగ్గరి మాచనూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు 1998 నాటికే స్టూడియో కట్టుకున్నారు. రికార్డు చేయడం నేర్చుకున్నారు. లైసెన్సు రాలేదు. తాము చేసిన కార్యక్రమాల క్యాసెట్లు సంఘాల సమావేశాల్లో వినిపించుకుంటూ పదేళ్లు ఎదురుచూశారు, అడుగుతూనే ఉన్నారు. 2008 అక్టోబరు 15న సంఘం రేడియో గాలిలో పలికింది. జొన్నలు, కొర్రల సాగు గురించి, పురుళ్ల గురించి, పండుగల గురించి తమ యాసలోనే చెప్పుకున్నారు.

మాకు దొరికిన జవాబు

ఉషా మెహతా కాలంలో అడగడానికి కోర్టు లేదు, దరఖాస్తు పెట్టడానికి దారి లేదు. నాయకులు జైల్లో, పత్రికల నోటికి తాళం. దేశం నోరు నొక్కిన చట్టాన్ని ఆమె తెలిసి ధిక్కరించింది, దాని శిక్షను తలవంచకుండా అనుభవించింది. మా అన్న చేసింది ధిక్కారం కాదు, తెలియనితనం. ఆ రెండింటికీ చాలా తేడా ఉంది. ఈ తేడా తెలియక వార్డెన్ సారును తిట్టుకున్నందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాం. సారు బ్యాటరీ తీసుకున్నారు కానీ, ఒక పిల్లవాడి భవిష్యత్తును కాపాడారు.

అయితే సారుతో మాకు ఒక చిన్న పేచీ ఇంకా మిగిలే ఉంది. వద్దు అన్నవారు, ఏ దారిలో పోవాలో కూడా ఒక మాట చెప్పి ఉంటే ఆ అన్న మళ్లీ టంకం కర్ర పట్టేవాడు. ఆ రోజు తర్వాత ఆయన దాన్ని ముట్టుకోలేదు. ఇప్పుడు ఆ మాట చెప్పాల్సిన పెద్దలం మేమే. హాస్టల్లో రేడియో విద్య మీద ఆసక్తి ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉంటే మా పాత విద్యార్థుల సంఘాన్ని అడగండి. హ్యామ్ పరీక్ష పుస్తకాలు తెచ్చిస్తాం, ఆదివారాలు వచ్చి పాఠం చెబుతాం. వచ్చే వార్షికోత్సవానికి మన హాస్టల్ నుంచి ఒక్కరైనా లైసెన్సు చేతపట్టుకుని వేదిక ఎక్కితే, ఆ రోజు మూగబోయిన మెస్సు రేడియో మళ్లీ పలికినంత సంతోషిస్తాం.